కథే లేని డాన్స్ చూసి మా అమ్మ ఎందుకు ఏడ్చింది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. కాలనీ వార్షికోత్సవంలో ఏటా పిల్లల సినిమా పాటల డాన్సులు, మధ్యలో ఒక కూచిపూడి అంశం ఉంటాయి. ఈసారి తెలిసినవాళ్ల ద్వారా ఒక కంటెంపరరీ బృందాన్ని (శాస్త్రీయ నృత్యాల కట్టుబాట్లు లేకుండా ఇప్పటి పద్ధతిలో డాన్స్ చేసేవాళ్లను) పిలిచారు. అరగంట ప్రదర్శన. పాట లేదు, పాత్రలు లేవు, కథ అసలే లేదు. కొందరు విసుక్కుని లేచి వెళ్లారు, కుర్రాళ్లు నవ్వారు, మిగతావాళ్లు బిగుసుకుపోయి చూశారు. మీ అమ్మగారు కళ్లు తుడుచుకున్నారు. ఎందుకమ్మా అంటే "ఏమో రా, తెలీదు" అన్నారట. ఇది నిజంగా డాన్స్ ప్రభావమేనా, లేక లైట్లూ మ్యూజిక్కూ చేసిన మాయా? మామూలు జనానికి ఇలాంటివి పెట్టొచ్చా? వచ్చే ఏడు మళ్లీ పిలవాలా వద్దా?

ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. ప్రభావం నిజమే. లైట్లు తీసేసి ట్యూబ్‌లైట్ కింద చేసినా వస్తుంది. ఫంక్షన్ హాళ్లలో అలా చేశాం కాబట్టే ఇంత గట్టిగా అంటున్నాను. ఇలాంటి డాన్స్ చూస్తున్నప్పుడు మనిషి అర్థం చేసుకుని కదిలిపోడు. ముందు ఒళ్లు గుర్తుపడుతుంది. అర్థం తర్వాత వస్తే వస్తుంది, లేకపోతే లేదు. మీ అమ్మగారు మాట దాటేయలేదు, ఆవిడకు నిజంగానే తెలీదు. ఇక పెట్టొచ్చా అంటే, తప్పకుండా పెట్టొచ్చు. కాకపోతే జనాన్ని ఎంత దూరంలో కూర్చోబెట్టారు, మొదట మైకులో ఏం చెప్పారు, అయిపోగానే ఏం చేశారు అన్నవాటి మీద సగం ఫలితం ఆధారపడి ఉంటుంది.

నా సంగతి రెండు ముక్కల్లో. చిన్నప్పుడు కూచిపూడి నేర్చుకున్నాను, తర్వాత కంటెంపరరీ వైపు వచ్చాను. ఇప్పుడు చిన్న బృందంతో ముక్కలు (అంటే చిన్న నృత్య ప్రదర్శనలు) కూర్చి హైదరాబాద్‌లోనూ, జిల్లాల్లో కాలేజీలు, మహిళా సంఘాల సమావేశాలు, వృద్ధాశ్రమాల్లోనూ చేస్తుంటాం. టికెట్టు కొనుక్కుని వచ్చే ప్రేక్షకుల కంటే, ఊరికే వచ్చి కూర్చునే ప్రేక్షకులే నాకు ఎక్కువ తెలుసు.

ఒళ్లు గుర్తుపట్టడం అంటే ఏమిటో చెప్తాను. ఇంకొకరు బండి నడుపుతుంటే, ఎదురుగా లారీ వచ్చినప్పుడు పక్క సీట్లో ఉన్న మన కాలు లేని బ్రేకును తొక్కుతుంది కదా, ఇదీ అంతే. ఎదుటి మనిషి ఒరిగిపోతుంటే చూసేవాళ్ల ఊపిరి ఆగుతుంది. దీని మీద పరిశోధనలు జరిగాయి. 2005లో లండన్‌లో పరిశోధకురాలు బియాత్రిజ్ కాల్వో-మెరీనో, ఆమె సహచరులు బ్యాలే డాన్సర్లకూ, బ్రెజిల్ వాళ్ల యుద్ధనృత్యం కపోయిరా చేసేవాళ్లకూ, రెండూ రానివాళ్లకూ అవే వీడియోలు చూపిస్తూ మెదడు స్కాన్ చేశారు. ఎవరికి ఏ కదలిక చేయడం వచ్చో, అది చూసినప్పుడు వాళ్ల మెదడులో కదలికకు సంబంధించిన భాగాలు ఎక్కువగా పనిచేశాయి. డాన్స్ చేయడం రాకపోయినా తరచూ చూసే అలవాటు ఉన్నవాళ్లలో కూడా ఇలాంటి స్పందన కనిపిస్తుందని 2012లో కొరీన్ యోలా అనే పరిశోధకురాలి బృందం చూపించింది. అంటే చేసి నేర్చుకున్న ఒళ్లే కాదు, చూసి చూసి అలవాటుపడిన ఒళ్లు కూడా పలుకుతుంది.

దీన్ని మన జనానికి అన్వయించి చూడండి. "వాళ్లకు ఏం అర్థమవుతుందండీ" అని నిర్వాహకులు నాతో చాలాసార్లు అన్నారు. ఒంటిని వంచి పనిచేసినవాళ్ల కంటే కదలికలు బాగా తెలిసినవాళ్లు ఎవరు? మా ముక్క ఒకదానిలో డాన్సర్ నడుము వంచి, లేవకుండా, చాలాసేపు వెనక్కి అడుగులు వేస్తూ పోతుంది. నగరంలో దాన్ని అందమైన భంగిమగా చూస్తారు. నాట్లు వేసే ఆడవాళ్లు కూర్చున్న చోట, అది మొదలైన కాసేపటికి వాళ్ల చేతులు వాళ్ల నడుముల మీదికి వెళ్తాయి. ఇది నాట్లు వేయడం అని మేం ఎక్కడా చెప్పం. పాటా ఉండదు, ఆకుపచ్చ చీరా ఉండదు.

మీ ప్రశ్నకు దగ్గరగా వచ్చేది ఇంకొకటి ఉంది. ఆన్‌లైన్ సరుకుల గోడౌన్లలో ప్యాకింగ్ పని చేసే కుర్రాళ్లను దృష్టిలో పెట్టుకుని ఒక ముక్క చేశాం. ఇద్దరు డాన్సర్లు, ఒక పెద్ద అట్టపెట్టె, నైలాన్ తాడు, బ్రౌన్ టేపు. పెట్టెను మూయడం, టేపు వేయడం, తాడు కట్టడం, ఎత్తడం, దించడం, మళ్లీ విప్పడం, అంతే. హైదరాబాద్‌లో చేసినప్పుడు జనం దాన్ని మేం అనుకున్నట్టే చూశారు. డెలివరీ బాయ్‌ల గురించి, మనం కొనే చెత్త గురించి బాగా మాట్లాడారు. చప్పట్లు కూడా బాగానే పడ్డాయి.

అదే ముక్కను జగిత్యాల వైపు ఒక ఫంక్షన్ హాల్లో చేశాం. వచ్చినవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. టేపు రోల్‌ను బర్రున లాగిన చప్పుడుకే హాల్లో గుసగుసలు ఆగిపోయాయి. ఆ ప్రాంతంలో మనుషులు దుబాయ్, మస్కట్, సౌదీ వెళ్లని వాడ లేదు. సెలవుకు వచ్చే మనిషితో పాటు అట్టపెట్టె వస్తుంది. చుట్టూ టేపు, పైన తాడు, మార్కర్‌తో పేరూ ఊరూ. కొన్నిసార్లు మనిషే పెట్టెలో వస్తాడు. మేం ఇదేదీ అనుకుని చేయలేదు. అయిపోయాక మాట్లాడమంటే చాలాసేపు ఎవరూ నోరు విప్పలేదు. చివరికి ఒకావిడ "ఆ డబ్బ మీద పేరెందుకు రాయలే మేడం?" అంది. ఆ తర్వాత మాటలు ఆగలేదు. పెట్టెల్లో ఏమేం వచ్చేవి, ఎవరి పెట్టె ఎయిర్‌పోర్టులో పోయింది, అటక మీదికి ఎక్కించిన ఖాళీ పెట్టెను ఎవరు ఎన్నేళ్లు పారేయలేదు, ఇవే. డాన్స్ గురించి ఒక్కరూ ఒక్క మాట అనలేదు. అంతకంటే మంచి విమర్శ మాకు ఎప్పుడూ రాలేదని నా లెక్క.

పెట్టె మీద పేరు రాద్దామని మా డాన్సర్లలో ఒకరు అన్నారు. నేను ఒప్పుకోలేదు. పేరు రాస్తే అది గల్ఫ్ వాళ్ల ముక్క అయిపోతుంది, ఇంకెవరిదీ కాదు. ఖాళీగా ఉంది కాబట్టే ఎవరి పేరు వాళ్లు రాసుకున్నారు.

అలాగని పేర్లు రాస్తే జనం కదలరని కాదు. అమెరికన్ నృత్యకారుడు ఆల్విన్ ఐలీ 1960లో న్యూయార్క్‌లో చేసిన 'రివలేషన్స్' సరిగ్గా దీనికి ఎదురు కొస. టెక్సస్‌లో తన చిన్ననాటి నల్లజాతి చర్చి జ్ఞాపకాలను, అక్కడి పాటలను, ఆదివారం బట్టలను, ఆడవాళ్ల విసనకర్రలను ఉన్నవున్నట్టు స్టేజీ మీదికి తెచ్చాడు. చివరి భాగంలో ప్రేక్షకులు కలిసి చప్పట్లు వేస్తారు. తమ బతుకును వేదిక మీద గౌరవంగా చూసుకున్న జనానికి అది ఎలా ఉండి ఉంటుందో ఊహించొచ్చు. ఆ చర్చి మొహం ఎరగని దేశాల వాళ్లూ ఇప్పటికీ కదిలిపోతూనే ఉన్నారు. తనవాళ్ల గుర్తులు ఒక దారి, ఒళ్లు ఒక దారి. మంచి ముక్కల్లో రెండూ ఉంటాయి.

నిజానికి కథ లేకపోవడం మనవాళ్లకు కొత్తేమీ కాదు. బోనాల్లో పోతరాజు కొరడా ఝళిపిస్తూ వస్తుంటే "ఇందులో స్టోరీ ఏంటి?" అని ఎవరైనా అడుగుతారా? ఆదిలాబాద్ గోండుల దండారి పండుగలో నెమలి ఈకల టోపీలతో గుస్సాడీ ఆడేటప్పుడో? రామప్ప గుడి శిల్పాలనూ, 13వ శతాబ్దపు జాయప సేనాని 'నృత్త రత్నావళి'నీ ఆధారం చేసుకుని నటరాజ రామకృష్ణ గారు పేరిణి నాట్యాన్ని మళ్లీ నిలబెట్టారు. మద్దెల మోతకూ ఆ అడుగులకూ రోమాలు లేవాలంటే కథ తెలియనక్కర్లేదు. కుర్చీల్లో కూర్చోబెట్టి, ఎదురుగా స్టేజీ పెట్టి, 'కళ' అని పేరు పెట్టిన తర్వాతే జనానికి అర్థం కావాలన్న టెన్షన్ మొదలవుతుంది.

ఇంకో టెన్షన్ టీవీ తెచ్చింది. కంటెంపరరీ అన్న మాట మన ఇళ్లలోకి వచ్చిందే 'ఢీ' లాంటి షోల వల్ల, అది మంచి విషయమే. కానీ టీవీలో ఆ రౌండ్ అంటే వెనక స్క్రీన్ మీద ఎండిన పొలం, పాటలో అమ్మ, చివర్లో జడ్జీల కన్నీళ్లు. దాంతో ఏడిపించడమే కంటెంపరరీ అన్న లెక్క తయారైంది. మా దగ్గరికి వచ్చే నిర్వాహకులు కూడా "కాస్త ఏడిపించేది పెట్టండి" అంటారు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఏ పాట వేస్తే ఎక్కడ కళ్లు చెమ్మగిల్లుతాయో మాకూ తెలుసు. అది పాట పని, డాన్స్ పని కాదు.

కన్నీళ్లు ప్రభావానికి కొలత కాదు. మీ కాలనీలో నవ్విన కుర్రాళ్లను, లేచిపోయినవాళ్లను లెక్కలోంచి తీసేయకండి. 1913 మే 29న పారిస్‌లో రష్యన్ నృత్యకారుడు నిజిన్‌స్కీ కూర్చిన 'రైట్ ఆఫ్ స్ప్రింగ్' బ్యాలే తొలి ప్రదర్శనలో జనం కేకలు, ఈలలు, గొడవ. ఆ కథ ఇప్పటికీ చెప్పుకుంటున్నారు. అదే సంగీతానికి 1975లో జర్మన్ నృత్యకారిణి పీనా బాష్ వేదికంతా మట్టి పరిచి ఇంకో నృత్యం చేసింది. అందులో డాన్సర్లు నిజంగా అలసిపోతారు, రొప్పుతారు, బట్టలకు మట్టి అంటుకుంటుంది. ఆ అలసటను నటించడం కుదరదు, అందుకే చూసేవాళ్లూ తప్పించుకోలేరు. 2020లో ఆఫ్రికా దేశాల డాన్సర్లు దాన్ని సెనెగల్‌లో నేర్చుకుని, లాక్‌డౌన్‌కు సరిగ్గా ముందు తూబాబ్ జలావ్ సముద్రపు ఒడ్డున, ప్రేక్షకులు లేకుండా ఇసుకలో చేశారు. దాని వీడియో చూసినా నా భుజాలు బిగుసుకుంటాయి.

కుర్రాళ్ల నవ్వు సంగతి. డాన్సర్ దబ్బున నేల మీద పడినప్పుడు, అబ్బాయీ అమ్మాయీ ఒకరి బరువు ఒకరి మీద వేసుకున్నప్పుడు కాలేజీల్లో నవ్వులూ ఈలలూ ఖాయం. ఎక్కువసార్లు అది వెటకారం కాదు, ఇబ్బంది. నలుగురి మధ్యలో కూర్చుని అంత దగ్గరతనం చూడటం వాళ్లకు అలవాటు లేదు. డాన్సర్లు ఆగకుండా, తడబడకుండా అదే నెమ్మదిలో కొనసాగిస్తే రెండు మూడు నిమిషాల్లో నవ్వు దానంతటదే తగ్గుతుంది. లెక్చరర్ లేచి "సైలెన్స్!" అని అరిచాడా, ఇక అంతే, అది డాన్స్ కాదు క్లాసు. పెద్దవాళ్ల విసుగుకు మాత్రం నా దగ్గర మందు లేదు. "మూర్ఛ వచ్చినట్టు ఆ దొర్లుడేంటమ్మా" అని ఒక రిటైర్డ్ ఉద్యోగి నా మొహం మీదే అన్నారు. మర్నాడు కూడా అదే మాట ఫోన్ చేసి మరీ చెప్పారు. మర్నాటికి కూడా మర్చిపోలేదంటే నాకు సంతోషమే.

ఇప్పుడు జాగ్రత్త గురించి. ఒళ్లు గుర్తుపడుతుంది అన్నప్పుడు, గుర్తుకు రాకూడనివి కూడా వస్తాయి. వెయ్యేళ్ల కిందట కశ్మీరంలో అభినవగుప్తుడు అనే పండితుడు రసానుభవానికి (కళను ఆస్వాదించడానికి) ఏడు విఘ్నాలు చెప్పాడు. వాటిలో ఒకటి, చూసేవాడు తన సొంత సుఖదుఃఖాల్లో మునిగిపోయి ఉండటం. నాకు ఇది రోజూ పనికొచ్చే మాట. మొన్ననే ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నవాళ్లకు, ఇంట్లో దెబ్బలు తింటున్నవాళ్లకు చావో హింసో కనిపించే ముక్క చూపిస్తే అది రసం కాదు, గాయం మీద గోరు. అందుకే బరువైన విషయం ఉంటే మొదలుపెట్టే ముందే ఒక్క వాక్యంలో చెప్పాలి: "ఇందులో మరణం గురించి ఉంది, ఇబ్బందిగా ఉంటే ఎప్పుడైనా బయటికి వెళ్లొచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు." తలుపు దగ్గర ఒక మనిషిని, మంచినీళ్లను ఉంచాలి. మేం అలా చెప్పడం వల్ల ఎవరి అనుభవమూ పాడవలేదు.

అలాగని బాధను వేదిక మీదికి తేకూడదని కాదు. అమెరికన్ నృత్యకారుడు బిల్ టి. జోన్స్ భాగస్వామి ఆర్నీ జేన్ 1988లో ఎయిడ్స్‌తో పోయాడు, జోన్స్‌కూ హెచ్‌ఐవీ ఉంది. అతను ప్రాణాంతక జబ్బులున్న మామూలు మనుషులతో అమెరికాలో పలుచోట్ల వర్క్‌షాపులు పెట్టి, వాళ్ల మాటల్లోంచి, చేతుల కదలికల్లోంచి 1994లో 'స్టిల్/హియర్' చేశాడు. ఆర్లీన్ క్రోచే అనే పేరున్న విమర్శకురాలు తాను దాన్ని చూడనే చూడనని చెప్పి, జాలి పుట్టించే కళను విమర్శించడం కుదరదని 'న్యూయార్కర్' పత్రికలో రాసింది. పెద్ద దుమారం. చూడకుండా రాయడం తప్పే. కానీ ఆమె అడిగిన ప్రశ్నను నేను కొట్టిపారేయను. జనం కదిలింది డాన్స్ వల్లా, "వీళ్లకు నిజంగానే జబ్బుంది" అన్న సమాచారం వల్లా? మన దగ్గర యాంకర్ "ఈ అమ్మాయి తండ్రి లేని పిల్ల" అని మైకులో చెప్పి డాన్స్ మొదలుపెట్టిస్తే జరిగేది అదే. దీనికి భిన్నంగా పనిచేసినవాడు మన దేశపు కంటెంపరరీ నృత్యకారుడు అస్తాద్ దేబూ (1947–2020). కోల్‌కతాలో, చెన్నైలో వినికిడి లేని యువతతో ఏళ్ల తరబడి పనిచేశాడు. వాళ్లపై జాలి కలిగించాలని చూడలేదు, డాన్సర్లుగా నిలబెట్టాడు.

వచ్చే ఏడు పెట్టిస్తే నేనైతే ఇలా చేస్తాను. ఎత్తైన స్టేజీ వద్దు. నేల మీదే, చుట్టూ అర్ధచంద్రాకారంలో కుర్చీలు, మూడు నాలుగు వరసలకు మించకుండా. ఊపిరి, పాదాల చప్పుడు వినపడాలి. డీజే బాక్సులు డాన్సర్ల పక్కన పెడితే ఆ రెండూ పోతాయి. టైల్స్ మీద దొర్లితే మోకాళ్లు పోతాయి కాబట్టి బృందం తమ ఫ్లోర్ షీట్ పరుచుకోవడానికి మధ్యాహ్నమే హాలు ఇవ్వండి. ముప్పై నిమిషాలు చాలు. ముందు అర్థం చెప్పించకండి. "ఇది స్త్రీ వేదనకు ప్రతీక" అని చెప్పారంటే జనం అరగంట సేపు ఆ వేదన ఎక్కడుందా అని వెతుకుతూ కూర్చుంటారు, ఎదురుగా ఉన్న మనిషిని చూడరు. ఎంతసేపు ఉంటుందో, మాటలు ఉండవనీ చెప్తే సరిపోతుంది.

ఇంకొకటి, దయచేసి వినండి: శాలువాలు. చివరి కదలిక ఆగి, లైటు ఆరి, జనం ఇంకా ఊపిరి పీల్చుకోకముందే "ఇప్పుడు మన ముఖ్య అతిథి గారు..." అని మైకు మోగితే, అప్పటిదాకా పోగైనదంతా ఒక్క క్షణంలో పోతుంది. సన్మానాలు, మెమెంటోలు, ప్రసంగాలు అన్నీ ముందే కానివ్వండి. డాన్స్ చివరి అంశంగా ఉండాలి. తర్వాత ఇంటికి వెళ్లేవాళ్లు వెళ్తారు, మాట్లాడాలనుకునేవాళ్లు టీ తాగుతూ ఉండిపోతారు.

మాట్లాడేటప్పుడు "ఏం అర్థమైంది?" అని అడగొద్దు. అది పరీక్ష, అందరూ తల దించుకుంటారు. "ఏది గుర్తుండిపోయింది?" అని అడగండి. అమెరికన్ నృత్యకారిణి లిజ్ లెర్మన్ ప్రేక్షకుల స్పందన తీసుకోవడానికి తయారుచేసిన పద్ధతి కూడా అక్కడే మొదలవుతుంది: ముందు ఏది తాకింది, ఏది గుర్తుంది అన్నది, అభిప్రాయాలు చాలా తర్వాత. మన ఊళ్లలో ఇది చక్కగా పనిచేస్తుంది, ఎందుకంటే దీనికి తప్పు జవాబు ఉండదు.

డాన్స్ చూస్తే మానసిక ఆరోగ్యం బాగుపడుతుంది, సమాజం ఒక్కటవుతుంది అని పోస్టర్ల మీద రాస్తుంటారు. నేను అంత దూరం వెళ్లను. మేలు జరుగుతుందని గట్టిగా చెప్పే అధ్యయనాలు ఎక్కువగా డాన్స్ చేసేవాళ్ల మీద జరిగాయి. 2001లో బ్రూక్లిన్‌లో నృత్యకారుడు మార్క్ మోరిస్ బృందం పార్కిన్సన్స్ (వణుకుడు జబ్బు) ఉన్నవాళ్లకు మొదలుపెట్టిన తరగతుల లాంటివాటిలో చేరినవాళ్ల మీద. ఒక సాయంత్రం కుర్చీలో కూర్చుని చూసినవాళ్లకు అదే మేలు అంటగట్టలేం. కాబట్టి వీలైతే ప్రదర్శన రోజు ఉదయం గంటసేపు కాలనీవాళ్లతో చిన్న వర్క్‌షాప్ చేయమని బృందాన్ని అడగండి. నడవడం, ఒరగడం, ఎదుటివాళ్ల బరువు ఆనడం, ఇంతే. సాయంత్రం వాళ్లు చూసే చూపే మారిపోతుంది. దీనికి బృందానికి విడిగా డబ్బులివ్వాలి, డబ్బులకు బదులు 'ఎక్స్‌పోజర్' (నలుగురికీ తెలిసే అవకాశం) ఇస్తాం అనకండి.

అమ్మగారి విషయం. ఎందుకు ఏడ్చావని మళ్లీ మళ్లీ అడగకండి. "ఆ డాన్స్‌లో నీకు ఏది గుర్తుందమ్మా?" అని ఎప్పుడైనా వంటింట్లో మాటల మధ్య అడిగి చూడండి, చెప్పాలనిపిస్తే చెప్తారు. ఒక్క పూట కళ్లు చెమ్మగిల్లడం కంగారుపడాల్సిన విషయం కాదు. కానీ ఆ రోజు నుంచి నిద్ర పట్టడం లేదనో, ఊరికే ఏడుపొస్తోందనో అంటే అది డాన్స్ తెచ్చిన సమస్య కాకపోవచ్చు, ముందే లోపల ఉన్నది కావొచ్చు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీమానస్ నంబర్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, లేదా తెలిసిన డాక్టరును కలవండి.

బృందాన్ని ఎంచుకునేటప్పుడు మూడు నిమిషాల రీల్ చూసి తేల్చకండి. ముక్క మొత్తాన్ని ఒకే కెమెరాతో, కత్తిరించకుండా తీసిన వీడియో పంపమనండి. అది చూస్తూ మధ్యలో మీకు ఫోన్ చూడాలనిపించిందా లేదా అన్నది గమనించుకోండి.